మగ్గాల షెడ్డులో మాట వినపడలేదు: ఒక మీడియా ఆర్ట్ ఉత్సవం నుంచి కేస్ స్టడీ

మీడియా ఆర్ట్ (వీడియో, శబ్దం, కంప్యూటర్ల సాయంతో చేసే కళ) ప్రదర్శనలకు సాంకేతిక ఏర్పాట్లు చూడటం నా పని. ప్రొజెక్టర్లు, స్పీకర్లు, కేబుళ్లు, కరెంటు, వీటన్నిటినీ మోసే ఫ్రేములు మా బాధ్యత. మూతపడిన బట్టల మిల్లులో జరిగిన ఒక పది రోజుల ఉత్సవంలో మేము ఒక పనిని (మా భాషలో పని అంటే కళాకృతి) దాదాపు పాడు చేసి, ఆఖరి నిమిషంలో చాలావరకు సరిదిద్దుకున్నాం. ఆ తప్పు ఎక్కడ మొదలైందో రాసి పెడితే ఇలాంటి భవనాల్లో పని చేసేవాళ్లకు పనికొస్తుందనిపించింది. ఊరు, సంవత్సరం, నిర్వాహకులు, కళాకారిణి ఎవరన్నది రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. కొలతలు మాత్రం మా నోట్‌బుక్‌లో ఉన్నవే.

నేపథ్యం

పాత మిల్లుల్లో కళా ప్రదర్శనలు పెట్టడం కొత్తేమీ కాదు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో 1884లో మొదలైన నూలు మిల్లు ఇప్పుడు స్టూడియోలతో, గ్యాలరీలతో నిండి ఉంది. అమెరికాలో నార్త్ ఆడమ్స్‌లోని మాస్ మోకా 1999లో తెరుచుకుంది. అందులోని భవనాలు ఒకప్పుడు బట్టల మీద అచ్చు వేసే కర్మాగారానివి. మీడియా ఆర్ట్‌కి ఇలాంటి చోట్లు నచ్చడానికి కారణాలు తేలిగ్గానే అర్థమవుతాయి. అడ్డుగోడలు ఉండవు, కప్పు ఎత్తుగా ఉంటుంది, నేల బరువు మోస్తుంది. దానికి తోడు మగ్గానికీ కంప్యూటర్‌కీ ఉన్న చుట్టరికం ఒకటి. 1804 నాటి జకార్డ్ మగ్గం చిల్లుల అట్టల్ని (తర్వాత కంప్యూటర్లకూ ఇలాంటివే వాడారు) చదువుకుంటూ పూల డిజైన్లు నేసేది. మిల్లులో ప్రదర్శన అనగానే, అందులో ఏముండాలో ఎంచే క్యూరేటర్లు ముందుగా తలుచుకునేది ఆ అట్టల్నే.

మా ఉత్సవంలో ముఖ్యమైన చోటు నేత షెడ్డు. 60 మీటర్ల పొడవు, 24 మీటర్ల వెడల్పు, సగటున 6 మీటర్ల ఎత్తు. ఇటుక గోడలు, బండలు పరిచిన నేల, వరసగా పోత ఇనుప స్తంభాలు. పైన రంపపు పళ్లలాంటి కప్పు. ప్రతి పంటికీ ఒకవైపు అద్దాలు. భూమధ్యరేఖకు ఉత్తరాన కట్టే మిల్లుల్లో ఈ అద్దాలు ఉత్తరం వైపు తిరిగి ఉంటాయి. ఎండ నేరుగా పడకుండా, నీడ లేకుండా, రోజంతా సమంగా వెలుతురు ఇస్తాయి. తెగిన పడుగు పోగును వెంటనే కనిపెట్టాలంటే నేతగాళ్లకు ఆ వెలుతురు కావాలి. ఈ అద్దాల సంగతి మళ్లీ వస్తుంది.

ఆ షెడ్డులో పెట్టాల్సిన పని ఒకటే. ఒకప్పుడు అదే షెడ్డులో మగ్గాలు నడిపిన పన్నెండు మందితో కళాకారిణి నెలల తరబడి మాట్లాడి, వాళ్ల మాటలు రికార్డు చేసింది. పన్నెండు స్తంభాలకు పన్నెండు స్పీకర్లు, ఒక్కో స్పీకర్‌లో ఒక్కో గొంతు. చివరి గోడ మీద 8 మీటర్ల వెడల్పున నేత అల్లికల్లాంటి కదిలే గీతలు. గొంతులన్నీ ఒకేసారి షెడ్డును నింపాలని, ఒకప్పుడు మగ్గాలు నింపినట్టు నింపాలని ఆమె కోరిక. మంచి ఊహ అది. ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

సమస్య ఎలా బయటపడింది

ప్రారంభానికి మూడు రోజుల ముందు, ఆ పన్నెండు మందినీ వాళ్ల కుటుంబాలనూ ముందుగా చూడ్డానికి పిలిచాం. స్పీకర్లు మొదలయ్యాయి. షెడ్డు నిజంగానే నిండింది. మా టీమ్ అంతా సంతోషంగా ఉంది. పావుగంట గడిచాక ఒక పెద్దావిడ తన గొంతు వస్తున్న స్తంభం దగ్గరికి వెళ్లి, చెవి ఎత్తి చాలాసేపు నిలబడింది. తర్వాత నా దగ్గరికి వచ్చి అడిగింది: అది నా గొంతే, అందులో ఏం చెబుతున్నాను?

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే నాకూ అర్థం కావడం లేదు. స్టూడియోలో హెడ్‌ఫోన్లతో ఆ రికార్డింగులు చాలాసార్లు విన్నాను కాబట్టి, వినపడని మాటల్ని నా జ్ఞాపకమే పూరించేస్తోంది. మొదటిసారి వినేవాళ్లకు ఆ సౌకర్యం లేదు. మిగతా పదకొండు మందిని అడిగితే అందరిదీ ఒకటే మాట.

మొదటి ప్రయత్నం: శబ్దం పెంచడం

ఆ రాత్రి మేం చేసిన మొదటి పని వాల్యూమ్ పెంచడం. ఎందుకు చేశామంటే అది ఐదు నిమిషాల పని, ఖర్చు లేదు. పెద్దవాళ్లకు వినికిడి తక్కువ కాబట్టి గట్టిగా వినిపిస్తే సరిపోతుందని పైకి సబబుగానే తోచింది. కానీ ఇంకా చెడింది.

మర్నాడు పొద్దున, చేయాల్సిన పని అప్పుడు చేశాం. షెడ్డు మధ్యలో బెలూన్ పగలగొట్టి ఆ మోత ఎంతసేపు నిలుస్తోందో రికార్డు చేశాం. 60 డెసిబెల్స్ తగ్గడానికి 5.6 సెకన్లు పట్టింది. మాట స్పష్టంగా వినపడాలంటే ఒక సెకను చుట్టుపక్కల ఉండాలి. ఇటుక, బండ, అద్దం శబ్దాన్ని దాదాపు మింగవు, వచ్చినదాన్ని వచ్చినట్టే తిప్పి కొడతాయి. షెడ్డు నిండా మగ్గాలు, నూలు, బట్ట, మనుషులు ఉన్న రోజుల్లో కొంతైనా మింగేది. ఖాళీ అయ్యాక గుడి మండపంలా తయారైంది. ఒక మాట పూర్తయ్యేలోపు దాని ముందున్న ఆరేడు మాటల మోత గాలిలోనే ఉంటుంది.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి, ఎందుకంటే వాల్యూమ్ ఎందుకు పనిచేయలేదో అందులోనే ఉంది. ఏ స్పీకర్‌కైనా కొంత దూరం వరకే నేరుగా వచ్చే శబ్దం ఎక్కువ. ఆ దూరం దాటితే గోడలు తిప్పి కొట్టిన మోతదే పైచేయి. మా షెడ్డు ఘనపరిమాణానికి, అందులోని మోతకు, మా స్పీకర్ల రకానికి ఆ దూరం దాదాపు 4.5 మీటర్లు. అయితే అది ఒక్క స్పీకర్ మోగుతున్నప్పటి లెక్క. పన్నెండు కలిసి మోగితే మోత పన్నెండింతలవుతుంది, ఆ దూరం 1.3 మీటర్లకు పడిపోతుంది. మా స్పీకర్లు స్తంభాల మీద 3 మీటర్ల ఎత్తున ఉన్నాయి. అంటే షెడ్డులో ఎవరు ఎక్కడ నిలబడ్డా నేరు శబ్దం అందే చోట లేరు. వాల్యూమ్ పెంచితే మాటా మోతా కలిసే పెరుగుతాయి. వాటి మధ్య నిష్పత్తి మారదు. పావుగంట కొలిచి, పది నిమిషాలు లెక్క వేస్తే తెలిసే విషయం ఇది. స్పీకర్లు ఆర్డర్ చేసే ముందే చేయాల్సింది.

రెండో సంగతి అసలు వినేవాళ్లది. మగ్గాల షెడ్డులో శబ్దం 100 డెసిబెల్స్ దాకా ఉంటుంది. ఎనిమిది గంటల షిఫ్టుకు 85 దాటకూడదని ఇప్పుడు చాలాచోట్ల పాటించే లెక్క. ఏళ్ల తరబడి ఆ మోతలో పనిచేస్తే ముందుగా పోయేది 4,000 హెర్ట్జ్ దగ్గర వినికిడి. స, శ, చ, త, క లాంటి హల్లుల గుర్తింపు ఎక్కువగా ఆ ఎత్తు (సన్నటి, కీచు) శబ్దాల్లోనే ఉంది. అచ్చులు వినపడతాయి, హల్లులు పోతాయి. అందుకే వాళ్లకు గొంతు గుర్తుపట్టడం సులువు, మాట పట్టుకోవడం కష్టం. ఇలాంటి చెవులకు చిన్న శబ్దం వినపడదు, కాస్త పెంచగానే భరించలేనంత గట్టిగా అనిపిస్తుంది. మేం వాల్యూమ్ పెంచిన రాత్రి ఇద్దరు చెవులు మూసుకున్నది అందుకే. వాళ్లు వయసు మీద పడి చిరాకు పడుతున్నారని మాలో ఒకరు అన్నారు. ఆ మాట నేను ఖండించలేదు. అది ఇప్పటికీ బాధగానే ఉంది.

రెండో ప్రయత్నం: చీకటి

ఇదే సమయంలో బొమ్మ కూడా సరిగా కనపడడం లేదు. మా ప్రొజెక్టర్ 10,000 ల్యూమెన్లది (ల్యూమెన్ అంటే వెలుతురు మొత్తానికి కొలత). 8 మీటర్ల వెడల్పు, 4.5 మీటర్ల ఎత్తు గోడ మీద పరిస్తే చదరపు మీటరుకు 278 వస్తుంది, అంటే 278 లక్స్. మధ్యాహ్నం పైఅద్దాల నుంచి అదే గోడ మీద పడుతున్న వెలుతురు 400 లక్స్. బొమ్మలో తెలుపుకీ నలుపుకీ తేడా 1.7 రెట్లు. అంటే పాలిపోయిన నీడలు తప్ప ఇంకేమీ కనపడదు. సందర్శకుల దృష్టి బొమ్మ మీద నిలిస్తే మాట కూడా పట్టుకుంటారేమో అన్న ఆశతో, కప్పు అద్దాలన్నిటికీ నల్లటి ప్లాస్టిక్ షీట్ కట్టించాం. ఒకటిన్నర రోజు పని, పది మంది మనుషులు.

చీకటైతే అయింది. కానీ నున్నటి ప్లాస్టిక్ శబ్దాన్ని మింగదు, మోత తగ్గలేదు. పైగా గాలికి షీట్లు టపటపా కొట్టుకుంటూ కొత్త శబ్దం తెచ్చాయి. నేలలో పాత మగ్గాల బోల్టులు ఇంకా మిగిలి ఉన్నాయి, వాటికి కాలు తగిలి ఒకాయన పడబోయాడు. అన్నిటికంటే ముఖ్యమైనది ఆ పెద్దావిడ కూతురు చెప్పింది. ఈ చీకట్లో అమ్మకు నా మొహం కనపడడం లేదు, ఇక నేనేం చెప్పినా ఆమెకు అర్థం కాదు అంది.

నాకు అప్పుడు తట్టింది. మగ్గాల మోతలో మాట వినపడదు కాబట్టి నేత కార్మికులు పెదాలు చూసి మాట్లాడుకునేవాళ్లు. ఇంగ్లాండులోని లాంకషైర్ మిల్లుల్లో ఈ పద్ధతికి మీ-మాయింగ్ అని ఒక పేరే ఉంది. పెదాలు పెద్దగా కదిలిస్తూ, చేతులతో సైగలు కలుపుతూ షెడ్డు ఆ చివర నుంచి ఈ చివరకు కబుర్లు చెప్పుకునేవాళ్లు. మా పన్నెండు మంది కూడా అలా బతికినవాళ్లే. ఇదే షెడ్డులో, ఇదే వెలుతురులో కళ్లతో వినడం నేర్చుకున్నారు. మేం వాళ్ల గొంతులు తెచ్చి మొహాలు తీసేశాం. ఆపైన వెలుతురు కూడా తీసేశాం.

మూడో ప్రయత్నం గురించి క్లుప్తంగా. శబ్దాన్ని ఒకే చోటికి దింపే గొడుగు ఆకారం స్పీకర్లు అద్దెకు తెచ్చి రెండు చోట్ల వేలాడదీసి చూశాం. సరిగ్గా కింద నిలబడితే బాగానే ఉంది. వీల్‌చైర్‌లో కూర్చుంటే, పక్కకు అడుగు వేస్తే పోయింది. పైగా అవి ఎత్తు శబ్దాల్నే అదుపులో పెడతాయి, లోతు శబ్దాలు ఎప్పటిలాగే షెడ్డంతా పాకుతాయి. మర్నాడే తిరిగి పంపేశాం.

కళాకారిణితో మాట

ఇక సాంకేతికంగా సర్దుబాటు చేసి తప్పించుకునే దారి లేదు, పని రూపమే మారాలి. అది నా నిర్ణయం కాదు, కళాకారిణిది. ప్రారంభానికి ఒక రోజు ఉంది. ఆమె మొదట ఒప్పుకోలేదు. మిల్లులో ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు, ఆ అనుభవమే నా పని, శ్రోతలకు మాట అర్థం కాకపోవడంలో తప్పేముంది అని అడిగింది. తేలిగ్గా తీసేయదగ్గ వాదన కాదది. సందర్శకులకైతే నేనూ ఒప్పుకునేవాణ్నే. కానీ ఆ పన్నెండు మంది తమ కథ చెప్పడానికి కూర్చున్నారు, మోతకు నమూనాలుగా ఉండటానికి కాదు. నేను వాదించకుండా, ఆ పెద్దావిడ ప్రశ్నను ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తన హార్డ్‌డిస్క్‌లో ఇంటర్వ్యూల వీడియో కూడా ఉందని, శబ్దం కోసమే తీసినా మొహాలు దగ్గరగా, మంచి వెలుతురులో ఉన్నాయని చెప్పింది. అక్కడి నుంచి దారి దొరికింది.

ఏది పనిచేసింది

ముందు నల్ల షీట్లు విప్పేశాం. గోడ మీది ప్రొజెక్షన్‌ను కిటికీలు లేని బేళ్ల గోదాముకు తరలించాం. అక్కడ బయటి వెలుతురు 5 లక్స్ కూడా లేదు. అదే ప్రొజెక్టర్, అదే బొమ్మ, తెలుపు నలుపుల తేడా ఒక్కసారిగా యాభై రెట్లు దాటింది. షెడ్డులో పన్నెండు మానిటర్లు పెట్టాం. మానిటర్ తన వెలుతురు తానే ఇస్తుంది కాబట్టి ఉత్తరపు అద్దాల వెలుతురు దానికి పెద్ద ఇబ్బంది కాదు. సమంగా పరుచుకునే ఆ వెలుతురులో తెర మీద మెరుపు కూడా పడలేదు. ప్రతి తెర మీద ఒక మొహం, కింద పెద్ద అక్షరాల్లో సబ్‌టైటిల్స్.

స్పీకర్లను స్తంభాల మీద నుంచి దించి, తెరల ముందు వేసిన బెంచీల వీపుకు బిగించాం. చెవికి 80 సెంటీమీటర్ల దూరం. దూరం సగమైన ప్రతిసారీ నేరు శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది కాబట్టి వాల్యూమ్ బాగా తగ్గించగలిగాం. దాంతో షెడ్డంతా పాకే మోత దానంతటదే తగ్గింది. 150 హెర్ట్జ్ కింది శబ్దాన్ని కోసేశాం, మాటకు దాని అవసరం పెద్దగా లేదు. హల్లుల భాగాన్ని కొంచెమే పెంచాం. ఎక్కువ పెంచితే ఆ చెవులకు గుచ్చుకుంటుందని ఈసారి గుర్తు పెట్టుకున్నాం.

తర్వాత బట్ట. మంటలంటుకోని మందు పట్టించిన మందపాటి ఉన్ని తెరలు 600 చదరపు మీటర్లు అద్దెకు తెచ్చి, కుచ్చులు పెట్టి వేలాడదీశాం. పోత ఇనుము పెళుసు, నిలువు బరువు మోస్తుంది కానీ పక్కకు లాగితే, చిల్లు వేస్తే పగిలే ప్రమాదం ఉంది. అందుకని స్తంభాలను ముట్టుకోకుండా సొంత కాళ్ల మీద నిలబడే ఫ్రేములు వాడాం. మోత 5.6 సెకన్ల నుంచి 2.4కు వచ్చింది. బట్టల మిల్లు శబ్దాన్ని చివరికి బట్టే అదుపు చేసిందని మా టీమ్‌లో అందరం అనుకున్నాం.

పన్నెండు గొంతులూ ఒకేసారి రావాలన్న కోరిక ఏమైంది? దాన్ని పూర్తిగా వదలలేదు. మామూలుగా ఒక్కో వంతులో దూరదూరంగా ఉన్న మూడు బెంచీలే మోగుతాయి. గంటకోసారి నాలుగు నిమిషాలు పన్నెండూ కలిసి మోగుతాయి, అప్పుడు సబ్‌టైటిల్స్ ఆగిపోతాయి, తెరల మీద మొహాలు మాత్రం మాట్లాడుతూనే ఉంటాయి. ముందు విడివిడిగా విన్న మనిషికి ఆ నాలుగు నిమిషాల్లో మోతలోంచి తనకు తెలిసిన గొంతు తేలుతుంది. ఇది కళాకారిణి ఆలోచన. మొదటి రూపం కంటే ఇదే బలంగా ఉందని తర్వాత ఆమే చెప్పింది.

వినికిడి యంత్రాలు పెట్టుకునేవాళ్ల కోసం బెంచీల చుట్టూ ఇండక్షన్ లూప్ (శబ్దాన్ని అయస్కాంత క్షేత్రం ద్వారా నేరుగా వినికిడి యంత్రానికి పంపే తీగ) వేశాం. మొదటి రోజు అందులో ఒకటే గుంయ్ మనే హమ్. యంత్రం పెట్టుకోని మాకు అది వినపడదు కాబట్టి ఒక సందర్శకుడు చెప్పేదాకా తెలియలేదు. మానిటర్ల కరెంటు కేబుళ్లు లూప్ పక్కనే పోతున్నాయి. వాటిని మీటరు దూరం జరిపి, లూప్‌ను చిన్నదిగా చేస్తే తగ్గింది.

మాట స్పష్టతకు ఎస్‌టీఐ అని 0 నుంచి 1 దాకా ఒక కొలత ఉంది. 0.6 దాటితే బాగుందని లెక్క. పాత ఏర్పాటులో షెడ్డు మధ్యన 0.34 ఉండేది, బెంచీ మీద కూర్చుంటే 0.66 వచ్చింది. అన్నీ కుదిరాయని చెప్పను. వాన పడినప్పుడు కప్పు మీది చప్పుడుకు మేమేం చేయలేకపోయాం. అలాంటి రెండు పూటలు సబ్‌టైటిల్సే దిక్కయ్యాయి. ఒకాయనకు లూప్ కూడా సాయపడలేదు.

తర్వాత మార్చుకున్నవి

ఇప్పుడు ఏ పాత మిల్లుకు వెళ్లినా మొదటి రోజే బెలూన్, లక్స్ మీటర్ జేబులో ఉంటాయి. కొలతలు వచ్చాకే ఏ పని ఏ గదిలో అన్న చర్చ మొదలుపెట్టమని క్యూరేటర్లను అడుగుతున్నాను. చాలామంది వింటారు, కొందరికి అప్పటికే పోస్టర్లు అచ్చయి ఉంటాయి. బడ్జెట్‌లో తెరల బట్టను ప్రొజెక్టర్ల కంటే ముందు రాస్తున్నాను, ఎందుకంటే కోత పడేది ఎప్పుడూ చివరి వరస మీదే. మాటలతో కూడిన పని అయితే అందులో ఏ భాగం అర్థమై తీరాలి, ఏ భాగం వాతావరణంగా ఉంటే చాలు అని కళాకారులతో ముందే రాయించుకుంటున్నాను. ఆ ఒక్క ప్రశ్న మొదటి మీటింగ్‌లో అడిగి ఉంటే మాకు ఒకటిన్నర రోజు, నల్ల షీట్ల ఖర్చు మిగిలేవి.

పని ఎవరి గురించో వాళ్లను ముందస్తు ప్రదర్శనకు పిలవడం సరిపోదు. స్పీకర్లు ఎక్కడ పెట్టాలో తేల్చే రోజునే వాళ్లు అక్కడ ఉండాలి. ఇది నాకు ఉత్సవం నాలుగో రోజున గట్టిగా తెలిసింది. ఆ పెద్దావిడ మళ్లీ వచ్చి, తన బెంచీ మీద కాకుండా పాత సహోద్యోగి బెంచీ మీద కూర్చుంది. ఆ వంతులో ఆ స్పీకర్ మోగడం లేదు, బొమ్మ మాత్రం నడుస్తోంది. ఆవిడ తెరను చూస్తూ తల అడ్డంగా ఊపి నన్ను పిలిచింది. కింద సబ్‌టైటిల్‌లో దారం అని ఉంది, తెర మీది సహోద్యోగి అంటున్నది నాడె (పడుగు మధ్య అటూ ఇటూ పేక నూలును తీసుకెళ్లే సాధనం) అని చెప్పింది. శబ్దం లేకుండా, పెదాలు చూసి. రాత్రి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ చోటు మూడుసార్లు విన్నాం. నాడెయే. మర్నాడు తలుపులు తీసేలోపు ఆ ఫైల్ మార్చి, మిగతా పదకొండు సబ్‌టైటిల్ ఫైళ్లు కూడా ఆవిడ ముందు పెట్టాం. ఇంకో ఆరు తప్పులు దొరికాయి.